ఇల్లు మనది, కాగితాలు బ్యాంకువి

2023 మార్చిలో ఒక సోమవారం. కూకట్‌పల్లిలో ఒక బ్యాంకు శాఖ. హోమ్ లోన్ కౌంటరు ముందు కుర్చీల్లో మేం ముగ్గురం: తమ్ముడు, మరదలు, నేను. మరదలి ఒళ్లో ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో సేల్ డీడ్ జిరాక్స్ కాపీ. రిజిస్ట్రేషన్ పూర్తయి కాగితాలు చేతికొచ్చిన రోజున ఒరిజినల్‌కి నాలుగు మూలలా పసుపు రాసి, ఒక్క రాత్రి దేవుడి గూట్లో పెట్టుకుని, తెల్లారి తీసుకెళ్లి బ్యాంకుకు అప్పగించారు. ఆ పసుపు జిరాక్సులో బూడిదరంగు మరకలా పడింది. మాట్లాడుతున్నంతసేపూ మరదలి వేలు ఆ మరక మీదే తిరుగుతోంది.

ఆఫీసరు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి మా ముందు పెట్టాడు. లోన్ 50 లక్షలు. తీసుకున్నది 2021 ఆగస్టులో. అప్పటి వడ్డీ 6.7 శాతం. గడువు 20 ఏళ్లు, నెలకు 37,870 రూపాయల ఈఎంఐ. 18 నెలలు, ఒక్క నెల కూడా తప్పకుండా కట్టారు. మొత్తం 6 లక్షల 80 వేల పైమాటే. చివరి వరుసలో ఆ నెల కట్టినదాని లెక్క ఉంది. వడ్డీ కింద 37 వేల పైన పోయింది. అసలు కింద జమైంది వెయ్యి కూడా లేదు.

"ఇదే ఈఎంఐ కడుతూ పోతే ఇంకో నలభై ఏళ్లు దాటుతుంది సార్. అంత గడువు మేం ఇవ్వలేం. ఈఎంఐ పెంచుకోవాలి" అన్నాడు ఆఫీసరు. పాపం, మెత్తగానే చెప్పాడు. తమ్ముడికి అప్పుడు 38 ఏళ్లు.

మరదలు తలెత్తింది. "ఏడాదిన్నరగా ఒక్క నెల ఆపలేదండీ. మరి ఆ డబ్బంతా ఎటు పోయింది?"

హోమ్ లోన్ ఉన్న ఇళ్లలో ఇప్పుడు అదే ప్రశ్న ఇంకో రూపంలో వినిపిస్తోంది. 2025 ఫిబ్రవరి నుంచి రిజర్వు బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీ) దించడం మొదలుపెట్టింది. 6.5 నుంచి జూన్‌కల్లా 5.5కు తెచ్చింది. టీవీల్లో 'ఈఎంఐ భారం తగ్గింది' అని స్క్రోలింగులు. 'మరి మాది తగ్గలేదేం?' అని జనం. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే కాగితంలో ఉంది. అది మనలో చాలామంది ఎన్నడూ తెరిచి చూడని లోన్ స్టేట్‌మెంట్.

పెరిగింది ఎక్కడ?

కరోనా కాలంలో, 2020 మేలో రెపో రేటు 4 శాతానికి దిగింది. దానితోపాటు హోమ్ లోన్లు 7 శాతం లోపలికి వచ్చాయి. అంత చవక వడ్డీ ఈ తరం చూడలేదు. అప్పు తీసుకోనివాడు అమాయకుడు అన్నట్టుండేది ఆ వాతావరణం. మావాళ్లు కూడా ఆ వేడిలోనే కొన్నారు. ఆ రేటు ఇరవై ఏళ్లూ అలాగే ఉండదని సేల్స్ కుర్రాడు చెప్పలేదు. మేమూ అడగలేదు.

2022 మే 4న రిజర్వు బ్యాంకు ముందస్తు షెడ్యూలు లేకుండా రేటు పెంచింది. అక్కడి నుంచి వరసగా పెంచుకుంటూ 2023 ఫిబ్రవరికి 6.5 చేసింది. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. 2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ హోమ్ లోన్లన్నీ రెపో లాంటి బయటి రేటుకు ముడిపడినవే. కనీసం మూడు నెలలకోసారి సర్దుబాటు జరగాలి. రెపో పెరిగితే ఆ సర్దుబాటులో మన వడ్డీ కూడా పెరుగుతుంది. అలా తమ్ముడి 6.7 కాస్తా 9.2 అయింది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. రేటు పెరిగినా చాలా బ్యాంకులు ఈఎంఐని కదపలేదు. గడువు పొడిగించాయి. నెలనెలా ఖాతాలో కోత అంతే పడుతుంటే ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. మనం గమనించేది ఈఎంఐనే కాబట్టి, దాన్ని కదపకుండా గడువు చాపడం అందరికీ సులువైన దారి. మావాళ్లకు వచ్చిన ఎస్సెమ్మెస్‌లో 'రివైజ్డ్ టెనూర్' అన్న రెండు ముక్కలున్నాయి. తమ్ముడు దాన్ని ఏదో ప్రకటన అనుకుని వదిలేశాడట.

అనుకున్నట్టు 2041కే లోన్ ముగియాలంటే నెలకు 45,600 కట్టాలని లెక్క తేలింది. అంటే దాదాపు 7,700 అదనం.

మేం బ్యాంకుకు వెళ్లొచ్చిన ఆరు నెలల్లోపే, 2023 ఆగస్టులో, రిజర్వు బ్యాంకు స్పష్టమైన ఆదేశమిచ్చింది. రేటు మారినప్పుడు ఆ ప్రభావం ఈఎంఐ మీద ఎంతో, గడువు మీద ఎంతో బ్యాంకు చెప్పాలి. ఈఎంఐ పెంచుకోవాలో, గడువు పెంచుకోవాలో, రెండూ కొంత కొంతో ఎంచుకునే హక్కు అప్పు తీసుకున్నవాడిది. కట్టే ఈఎంఐ ఆ నెల వడ్డీకి కూడా చాలక అసలు పెరిగిపోయే పరిస్థితి రానివ్వకూడదు. మంచి ఆదేశం. కానీ అడిగినవాళ్లకే అక్కరకొస్తుంది.

డౌన్ పేమెంట్ వెనక దాగిన అప్పు

నిజానికి మావాళ్ల కష్టం బ్యాంకు వడ్డీతో మొదలు కాలేదు. ఫ్లాటు ధర 65 లక్షలు. బ్యాంకు 50 ఇచ్చింది. చేతిలో 15 ఉంది. లెక్క సరిపోయిందనుకున్నారు.

రిజిస్ట్రేషన్ ఖర్చు దగ్గర మొదటి దెబ్బ తగిలింది. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు అంతే. 65 లక్షల మీద 4 లక్షల 87 వేల 500. ఇంటి ఖరీదు లెక్కలో దీన్ని బ్యాంకు కలుపుకోదు, లోన్ ఇవ్వదు. తర్వాత కార్పస్ ఫండ్, కరెంటు మీటరు, నీళ్ల కనెక్షన్, పార్కింగ్. ఆ తర్వాత వుడ్ వర్క్: కిచెన్‌లో అల్మరాలు, బెడ్రూముల్లో వార్డ్‌రోబులు, పూజ గది తలుపు. వడ్రంగి మొదట 4 లక్షలన్నాడు, 6 అయింది. గృహప్రవేశానికి ఊరి నుంచి బంధువులు, బట్టలు, భోజనాలు. కొన్నది ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన ఫ్లాటు కాబట్టి జీఎస్టీ తప్పింది. నిర్మాణంలో ఉన్నదైతే 5 శాతం, అంటే ఇంకో 3 లక్షల 25 వేలు.

ఈ లోటు పూడ్చడానికి 5 లక్షల పర్సనల్ లోన్, మరదలి గాజులూ హారమూ తాకట్టు పెట్టి 3 లక్షలు, మిగతాది క్రెడిట్ కార్డు. ఇంటికి అప్పు ఒకటే అనుకుంటే అప్పులు నాలుగయ్యాయి. 2023 మార్చి నాటికి ఇద్దరి జీతాలూ కలిపి లక్షా 23 వేలు. పెరిగిన ఈఎంఐతో కలిపి అప్పులకే దాదాపు సగం పోయేది. ప్రైవేటు స్కూల్లో పనిచేసే మరదలికి నెలకు 28 వేలు వస్తే, అందులో మూడు వేలు తన నగల మీద వడ్డీకే కట్టేది.

ఇల్లు కొనబోయేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ధరలో 20 శాతం చేతిలో ఉంటే చాలదు. 35 శాతానికి దగ్గరగా ఉండాలి. అంత లేకపోతే రెండేళ్లు ఆగండి, లేదా చిన్న ఇల్లు చూడండి. పర్సనల్ లోన్‌తో డౌన్ పేమెంట్ పూడ్చుకున్న ఇల్లు మొదటి రోజు నుంచే కుటుంబాన్ని ఊపిరి తీసుకోనివ్వదు.

■ రూపాయి వడ్డీలో చెప్పుకుంటే

శాతాల కన్నా మనకు రూపాయి వడ్డీ లెక్క బాగా అర్థమవుతుంది. నూటికి నెలకు ఎంత? హోమ్ లోన్ ఎనిమిదిన్నర శాతమంటే దాదాపు 70 పైసల వడ్డీ. బంగారం మీద 12 శాతమైతే సరిగ్గా రూపాయి. 14 శాతం పర్సనల్ లోన్ అయితే రూపాయి 17 పైసలు. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద తెచ్చేది రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు బాకీ చాలావాటికి మూడు నుంచి మూడున్నర రూపాయలు. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెమ్మంటే వణికే మనం, మూడున్నర రూపాయల కార్డు బాకీని 'మినిమమ్ డ్యూ' కట్టి నెలల తరబడి మోస్తుంటాం. చేతికి నాలుగు డబ్బులొస్తే ముందు తీర్చాల్సింది కార్డు. ఆ తర్వాత నోటు మీది అప్పు, పర్సనల్ లోన్, బంగారం. హోమ్ లోన్ ఆఖరు.

ఎంత మోయగలం?

జీతం స్లిప్పు చూసి బ్యాంకు ఒక అంకె చెబుతుంది. అది బ్యాంకు తన డబ్బు తిరిగొస్తుందా అని వేసుకున్న లెక్క. పిల్లల ఫీజులు, నాన్న మందులు, చెల్లెలి పెళ్లికి ఇవ్వాల్సిన వాటా ఆ లెక్కలోకి రావు. చేతికొచ్చే జీతంలో సగం దాకా ఈఎంఐకి పోయినా బ్యాంకుకు అభ్యంతరం ఉండకపోవచ్చు. నా మటుకు 35 శాతం దాటకూడదంటాను. భార్యాభర్తలిద్దరి జీతం చూపించి లోన్ తీసుకునేవాళ్లు, ఒక్కరి జీతం ఆగినా ఆరు నెలలు గడుస్తుందా అని చూసుకోవాలి. ఐటీ ఉద్యోగాలు ఎలా ఊడుతున్నాయో గచ్చిబౌలిలో ఏ టీ స్టాల్ దగ్గర నిలబడినా వినిపిస్తుంది.

కొనే ముందు ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. రాబోయే ఈఎంఐలోంచి ఇప్పటి అద్దె తీసేయండి. మిగిలిన మొత్తాన్ని ఆరు నెలల పాటు ప్రతి నెలా 5వ తేదీన రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మధ్యలో ఒక్కసారైనా ఎవరినైనా చేబదులు అడగాల్సి వచ్చిందా? అయితే మీరు చూస్తున్న ఇల్లు మీ జీతానికి పెద్దది. అడగక్కర్లేకుండా గడిస్తే ఆ డబ్బు డౌన్ పేమెంట్‌కే పనికొస్తుంది.

పన్ను మిగులుతుందని కొనేవాళ్లకు ఒక మాట. పాత పద్ధతిలో సొంతంగా ఉంటున్న ఇంటి మీద ఏడాదికి 2 లక్షల దాకా వడ్డీకి మినహాయింపు ఉంది. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపు లేదు. ఇప్పుడు ఎక్కువమంది ఉన్నది కొత్త పద్ధతిలోనే.

'బ్యాంకు లోన్ ఇచ్చిందిగా' అనే ధీమా

2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణల మీద హైడ్రా చేసిన కూల్చివేతలప్పుడు టీవీల్లో చూసిన దృశ్యాలు మనలో చాలామంది మరచిపోలేదు. శిథిలాల ముందు నిలబడి ఫైళ్లు చూపిస్తున్న కుటుంబాలు. 'అనుమతులున్నాయి, రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది' అన్నదే వాళ్ల గోడు. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) లోపలో, బఫర్ జోన్‌లోనో ఇల్లుందని తేలితే ఆ మూడూ కాపాడలేదు. ఇల్లు కూలిపోయినా అప్పు కూలదు. ఆ అప్పు మీ జీతం మీద, మీ పేరు మీద ఉంది. ఇందులో ప్రభుత్వ శాఖల బాధ్యత చాలా ఉందనే నా నమ్మకం. అనుమతి ఇచ్చిన చెయ్యే కూల్చడం అన్యాయం. కానీ ఆ న్యాయం తేలేలోపు ఈఎంఐలు ఆగవు. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి.

బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం. మీ లాయరు మీకు వేరే ఉండాలి. ఆ ఫీజు ఇంట్లో వేసే ఒక అల్మరా ఖర్చు కన్నా తక్కువే. హాల్లో ఏ రంగు టైల్స్ వేయాలో మూడు ఆదివారాలు తిరిగే కుటుంబం, లింక్ డాక్యుమెంట్లు చూపించుకోవడానికి ఒక్క పూట వెచ్చించకపోవడం నేను చాలాసార్లు చూశాను.

ప్రీ లాంచ్ సంగతి ఇంకా ప్రమాదం. 'మార్కెట్లో ఎస్ఎఫ్‌టీ ఏడు వేలు, మొత్తం ఒకేసారి కడితే మీకు నాలుగు వేలే' అంటారు. అవిభాజ్య వాటా రాసిస్తామంటారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు లేని ప్రాజెక్టుకు ఏ బ్యాంకూ మామూలుగా హోమ్ లోన్ ఇవ్వదు. అందుకే ఆ డబ్బు పొలం అమ్మో, పీఎఫ్ తీసో, మూడు చోట్ల అప్పు చేసో కడతారు. రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటించడం, అమ్మడం నేరం. రిజిస్టరైన ప్రాజెక్టులోనైనా అగ్రిమెంట్ రాసుకోకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనేవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. ఈ రక్షణలన్నీ రెరా నంబరుతోనే మొదలవుతాయి. నంబరు లేనిచోట మీరు ఇచ్చే డబ్బు చేబదులుతో సమానం.

■ సంతకం పెట్టే ముందు

ముప్పై ఏళ్లకు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. లింక్ డాక్యుమెంట్లలో గిఫ్టు, వీలునామా, భాగ పంపకాలు ఉంటే వారసులందరి సంతకాలూ చూడండి. దగ్గర్లో చెరువు, నాలా ఉంటే ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి. పూర్తయిన ఫ్లాటుకు ఓసీ ఉందో లేదో చూడండి. ఎస్ఎఫ్‌టీ అంటే సాధారణంగా సూపర్ బిల్టప్ లెక్క. అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా ఎంత రాశారో చూస్తే కాలు పెట్టే చోటు ఎంతో తెలుస్తుంది. ఆస్తి 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాల్సింది కొనేవాడే. అమ్మేవాడు 'కొంత వైట్, కొంత బ్లాక్' అంటే ఒప్పుకోకండి. ఆ నగదుకు లోన్ రాదు, రసీదు ఉండదు, గొడవొస్తే రుజువూ ఉండదు.

ఈఎంఐ కట్టలేని నెల వస్తే

పెద్ద కష్టం డబ్బు లేకపోవడం వల్ల రాదు, దాచిపెట్టడం వల్ల వస్తుంది. ఉద్యోగం పోయిన మాట భార్యకు చెప్పకుండా, రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని పార్కులో కూర్చుని వచ్చిన మనిషి నాకు తెలుసు. మూడు నెలలు లోన్ యాప్‌లలో తెచ్చి ఈఎంఐ కట్టాడు. నాలుగో నెల ఆ యాప్‌ల వాళ్లు బంధువులందరికీ ఫోన్లు చేశారు. మొదటి నెలే బ్యాంకుకు వెళ్లి ఉంటే కొంతకాలం వాయిదానో, గడువు పెంపో అడిగే వీలుండేది.

వరుస తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు. దానికి మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. బ్యాంకు జవాబివ్వాలి. అప్పటికీ తీర్చకపోతేనే స్వాధీనం దాకా వస్తుంది. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోపు డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. మనకు హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ట్రైబ్యునళ్లున్నాయి. ఇల్లు వేలానికి వెళ్లక తప్పదనిపిస్తే అంతకుముందే బ్యాంకుకు చెప్పి మీరే అమ్ముకోండి. మామూలుగా వేలం ధర కన్నా మీరు అమ్మే ధరే మెరుగ్గా ఉంటుంది.

ఇంటి లోన్ ఉన్న మనిషికి టర్మ్ పాలసీ లేకపోవడం ఇంకో పెద్ద పొరపాటు. లోన్‌తో పాటు అంటగట్టే సింగిల్ ప్రీమియం బీమా తప్పనిసరి కాదు. ఆ ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపితే దానిమీద కూడా 20 ఏళ్లు వడ్డీ కడతారు. విడిగా, అప్పు మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ తీసుకుని, ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పండి.

■ బ్యాంకు మీ పట్ల పాటించాల్సినవి

ఫ్లోటింగ్ హోమ్ లోన్‌ను ముందే తీర్చినా పెనాల్టీ వేయకూడదు. ఆలస్యానికి పెనల్ చార్జీ వేయవచ్చు గానీ దాన్ని వడ్డీలా అసలుకు కలిపి చక్రవడ్డీ కట్టకూడదు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫోన్ నంబరు 14448.

మావాళ్ల లెక్క ఎక్కడికొచ్చింది

ఆ సోమవారం సాయంత్రం మా ఇంట్లో కూర్చుని లెక్కలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాం. మరదలే రాసింది. కార్డు బాకీ ముందు తీర్చారు. చిట్టీ పాడి, బోనసు కలిపి పర్సనల్ లోన్ ముగించారు. ఆ తర్వాత నగలు విడిపించారు. హారం ఇంటికొచ్చిన రోజున మరదలు నాకు ఫోన్ చేసి "బావగారూ, వచ్చేసింది" అంది, అంతే. హోమ్ లోన్ ఈఎంఐ మాత్రం మొదట్లోనే 45,600కు పెంచారు.

2025లో రేటు తగ్గాక బ్యాంకు ఈఎంఐ తగ్గించుకుంటారా అని అడిగింది. నెలకు కొన్ని వేలు మిగిలేవి. ఈసారి మరదలు ఒక్కతే బ్యాంకుకు వెళ్లింది. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని రాసిచ్చి వచ్చింది. మీ లోన్ విషయంలో కూడా బ్యాంకును ఇది అడగండి. 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న లోన్ అయితే రెపోకు మార్చమని అడగండి. కొత్తవాళ్లకు ఇస్తున్న రేటుకూ మీ రేటుకూ తేడా ఎంతో అడగండి. చిన్న ఫీజుతో మార్చే వీలుంటుంది. వీలున్న ఏడాది ఒక ఈఎంఐ అదనంగా కట్టండి. ఎనిమిదిన్నర శాతం మీద 20 ఏళ్ల లోన్‌కు ఏటా ఒక ఈఎంఐ ఎక్కువ కడితే మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది.

రెపో 5.5 అయ్యాక వచ్చిన 8.2 శాతం దగ్గరే వడ్డీ ఉంటే మావాళ్ల లోన్ 2041లో కాక 2039 చివర్లో తీరుతుంది. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ కాగితాలు బ్యాంకు తిరిగివ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5 వేల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. పసుపు రాసిన ఆ సేల్ డీడ్ బ్యాంకు లాకర్ గదిలో ఉంది. మరదలి నోట్‌బుక్ మొదటి పేజీలో దాని డాక్యుమెంట్ నంబరు రాసి ఉంది.